సింగపూర్ ఓడ టూరులో చెప్పినవి ఇవ్వలేదు. ట్రావెల్స్ వాళ్ల దగ్గర డబ్బు రాబట్టుకోవచ్చా?

పాతూరు విత్తనాలంగడి (అనంతపురం):

నాకు కావలసింది సలహా, ఓదార్పు కాదు. కాబట్టి ముందే అడిగేస్తున్నా. ఓడ టూరులో ఇస్తామని ఇవ్వనివాటికి మా ఊరి ట్రావెల్స్ వాళ్లను పట్టుకోవాలా, ఓడ కంపెనీకి రాయాలా, లేక రెండూ దండగేనా? ఇట్లాంటి వ్యవహారం నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకా మాటలు నడుస్తున్నాయి కాబట్టి ఎవరి పేర్లూ రాయడం లేదు.

మాది వేరుశనగ విత్తనాల వ్యాపారం. జూన్ పడిందంటే అంగడి వదిలి కదిలేది ఉండదు. పిల్లలకు సెలవులు మేలోనే. అందుకే మాకు ఎక్కడికి పోవాలన్నా మే ఆఖరే కుదురుతుంది. 2025 మే ఆఖర్లో నేను, మా ఇంటామె, ఇద్దరు పిల్లలు, మా అమ్మ కలిసి పోయాం. బెంగళూరు నుంచి సింగపూర్ విమానం, అక్కడ ఊరు చూడటం, ఆపైన నాలుగు రాత్రుల ఓడ. సింగపూర్‌లో ఎక్కితే మలేసియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూపించి మళ్లీ సింగపూర్‌లో దించుతుంది. అందరికీ కలిపి ఆరు లక్షలు, దానిమీద టీసీఎస్ అని ఇంకో 30 వేలు కట్టించుకున్నారు. ఈ 30 వేలు ఏమిటో కూడా ఎవరైనా చెబితే మేలు.

మొదటిది గది సంగతి. వాట్సాప్‌లో పంపిన కాగితంలో "సముద్రం కనిపించే గదులు" అని తెలుగులోనే రాసి, పెద్ద గుండ్రటి కిటికీ ఫొటో పెట్టారు. అది చూసే మా అమ్మ బయల్దేరింది, లేకుంటే కళ్యాణదుర్గం దాటి ఎక్కడికీ రాదు. అసలు ఓచర్, అంటే బుకింగ్ కాగితం మాత్రం దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో, లైన్లో నిలబడ్డాక చేతికిచ్చారు. మా అమ్మాయి విమానంలో చదివి చెప్పింది, రెండూ కిటికీ లేని లోపలి గదులని. ఏజెంటుకు ఫోన్ చేస్తే "ఓడ ఎక్కినాక రిసెప్షన్‌లో అడగండన్నా, మార్చి ఇస్తారు" అన్నాడు. అడిగాం. ఓడ నిండిపోయింది, ఒక్క గది ఖాళీ లేదన్నారు.

చుట్టూ సముద్రం పెట్టుకుని నాలుగు గోడల మధ్య పడుకోవడం ఎట్లుంటుందో ఇదివరకు నేను ఊహించలేదు. లైటు తీసేస్తే పగలో రాత్రో తెలియదు. మా అమ్మకు నాలుగింటికి లేచే అలవాటు. మొదటి రాత్రి తెల్లారిందనుకుని స్నానం చేసి, చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చి మా తలుపు కొట్టింది. చూస్తే ఒంటిగంటన్నర. "విత్తనాల గోడౌనుకైనా ఒక గవాక్షం పెడతారు కదరా నాయినా" అంది. గదిలో టీవీలో ఒక ఛానెల్ ఉంది, ఓడ ముందు భాగంలో పెట్టిన కెమెరా చూపించే సముద్రం అందులో వస్తుంది. మిగతా రాత్రుళ్లు మా అమ్మ అది పెట్టుకుని కూర్చుంది. ఆరు లక్షలు పోసి సముద్రాన్ని టీవీలో చూపించినట్టయింది.

రెండోది ఊర్లు చూపించడం. ప్యాకేజీలో "పెనాంగ్, ఫుకెట్ నగర దర్శనం" అని ఉంది. పెనాంగ్‌లో దిగితే రేవు దగ్గర మా పేరు పట్టుకున్న మనిషి లేడు. ఫోన్ చేస్తే ఆ టూర్లు ఓడలో కౌంటర్ దగ్గర డబ్బు కట్టి బుక్ చేసుకోవాలంట! అప్పటికే మధ్యాహ్నం దాటింది. సరే నడుద్దాం అని బయల్దేరాం. రేవు దగ్గర్లోనే క్లాక్ టవర్ ఉంది. విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్లని 60 అడుగుల ఎత్తున కట్టించారంట. "ఇంత దూరమొచ్చి మళ్లీ క్లాక్ టవరేనా నాయినా" అన్నాడు మావాడు. మా అంగడి కూడా అనంతపురం క్లాక్ టవర్‌కు దగ్గరే మరి. అక్కడినుంచి కొంచెం లోపలికి పోతే లిటిల్ ఇండియా. క్వీన్ స్ట్రీట్‌లో మారియమ్మ గుడి ఉంది, 1833లో కట్టిందట. మా అమ్మ అక్కడ కూర్చున్న కాసేపే టూరు మొత్తం మీద తనకు నచ్చింది. పక్కన తమిళాయన హోటల్లో ఇడ్లీ తిని వచ్చేశాం. నిజం చెప్పాలంటే ఆ పూట బాగా గడిచింది, కాకపోతే అందులో ట్రావెల్స్ వాళ్ల పుణ్యం ఏమీ లేదు.

ఫుకెట్ అసలు చూడనే లేదు. తెల్లారి స్పీకర్లో కెప్టెన్ చెప్పాడు, అలలు పెద్దగా ఉన్నాయి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చడం కుదరదు, ఓడ ఆగదు అని. మా అమ్మాయి ఇంగ్లీషు అర్థం చేసుకుని చెప్పేలోపే డెక్ మీద జనం మొదలయ్యారు. ఆ రోజంతా, మర్నాడంతా నీళ్ల మీదే. దిగాల్సిన జనం మొత్తం ఓడలోనే ఉండిపోతే ఎట్లుంటుందో చూడాలి. ఈతకొలను దగ్గర పొద్దున్నే కుర్చీలమీద తువ్వాళ్లు పరిచి పోయినవాళ్లు మధ్యాహ్నానికి గానీ రారు, ఇంకొకరిని కూర్చోనివ్వరు. బఫేలో పళ్లెం పట్టుకుని నిలబడితే పప్పు దగ్గరికి చేరేసరికి పప్పు అయిపోయేది. మా ఇంటామెకు కడుపులో తిప్పి, రెండు పూటలు మంచం దిగలేదు.

అన్నీ బాగాలేవని చెప్పను. రాత్రి నాటకాలు, సర్కస్ లాంటి ఆటలు పిల్లలకు తెగ నచ్చాయి. గది శుభ్రం చేసే అబ్బాయి తువ్వాలుతో ఏనుగు చేసి పెట్టేవాడు, దాన్ని మా అమ్మ విప్పనిచ్చేది కాదు.

చివరి రాత్రి తలుపు కింద నుంచి బిల్లు తోశారు. పిల్లలు తాగిన కూల్ డ్రింకులు, ఫొటోలు సరే, అవి మేం వాడుకున్నవి. కానీ టిప్పుల కింద మనిషికి రాత్రికి 16 డాలర్ల చొప్పున, పిల్లలతో సహా, మొత్తం 320 డాలర్లు రాశారు. అంటే 27 వేలకు పైమాటే. ప్యాకేజీ కాగితంలో "అన్నీ కలిపి" అని పెద్దక్షరాలతో ఉంది.

ఊరికొచ్చి అడిగితే ట్రావెల్స్ ఆయన "సముద్రం బాగలేకుంటే మేమేం చేస్తామన్నా" అంటాడు. గది గురించి అడిగినా సముద్రమే, టిప్పుల గురించి అడిగినా సముద్రమే. ఆఖరికి, వచ్చేసారి కాశ్మీర్ టూరు తీసుకుంటే పదివేలు తగ్గిస్తాడంట.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

అన్నా, ఏమీ అనుకోవద్దు, మీరు ఓడ టూరును తిరుపతి బస్సు టూరులా లెక్కేశారు. నేను ఇలాంటివి చేసినవాణ్ణే. టికెట్ షరతుల్లోనే రాసి ఉంటుంది, వాతావరణం బట్టి రేవు మార్చవచ్చు, మానేయవచ్చు, దానికి పరిహారం ఉండదని. కెప్టెన్ మాటకు తిరుగులేదు, ఉండకూడదు కూడా. టిప్పులు కూడా చాలా ఓడల్లో మామూలే. ఇక గది అంటారా, నేనెప్పుడూ లోపలి గదే తీసుకుంటాను. చౌక, చీకట్లో నిద్ర బాగా పడుతుంది. పగలంతా డెక్ మీద ఉండక గదిలో కూర్చోవడానికి పోతామా ఎవరైనా? సముద్రం చూడాలంటే డెక్ ఉంది, ఉచితం. కేసు గీసు అని తిరిగితే మీ వ్యాపారం పాడు తప్ప వచ్చేదేం ఉండదు.

పాతూరు విత్తనాలంగడి (అనంతపురం):

మీరు తెలిసి లోపలి గది తీసుకున్నారు, చౌకగా తీసుకున్నారు. నాకు కిటికీ ఫొటో చూపించి లోపలి గది ఇచ్చారు. పేరున్న విత్తనం సంచి చూపించి ఇంకోటి కొలిచి ఇస్తే మా దగ్గర రైతు ఊరుకుంటాడా? పంట రాకపోతే వాన మీదికి తోయొచ్చు, సంచి మారిస్తే ఎవరి మీదికి తోస్తాం?

ఇంకో మాట. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. డెక్ ఉచితమే, లిఫ్టు దగ్గర నిలబడటమే కష్టం.

ఒంటిమిట్ట అబ్బాయి (కడప):

అన్నా, నేను కొన్నేళ్లు ఇలాంటి ఓడల్లోనే గదులు శుభ్రం చేసే పని చేసి వచ్చినవాణ్ణి. మీ అమ్మగారికి తువ్వాలు ఏనుగు చేసిపెట్టిన అబ్బాయి పనే నాదీ. ఇప్పుడు కడపలో టిఫిన్ హోటల్ పెట్టుకున్నా. ట్రావెల్స్ ఆయన్ని వెనకేసుకు రావడానికి కాదు గానీ, మీ లెక్కలో ఏది ఎవరిదో విడగొట్టి చెబుతా.

ఫుకెట్‌లో ఓడలు చాలావరకు పటాంగ్ బీచ్ ఎదురుగా సముద్రంలోనే లంగరు వేస్తాయి. పెనాంగ్‌లో లాగా ఓడను గట్టుకు ఆనించి మెట్లు దించేది ఉండదు. ఓడ పక్కనే ఒక చిన్న వేదిక దించుతారు, దాని మీదనుంచి చిన్న పడవలోకి అడుగేయాలి. అల వస్తే పడవ ఒక్కసారి మనిషెత్తు లేస్తుంది, దిగుతుంది. వయసులో ఉన్న మేమే చేతులు పట్టుకుని దాటేవాళ్లం. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారిని అట్లా దింపలేరు. అలాంటప్పుడు ఆపేసిన కెప్టెన్ మంచిపనే చేసినట్టు.

ఇక ఆ అల ఎందుకొచ్చిందంటే, పటాంగ్ పడమటి వైపుకు తెరుచుకున్న తీరం. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలి నేరుగా దాని మీదికే వీస్తుంది. మీరు విత్తనాల వ్యాపారం కాబట్టి మీకు నాకన్నా బాగా తెలిసి ఉంటుంది, 2025లో నైరుతి మే 24కే కేరళ తాకింది, ఎనిమిది రోజులు ముందు. కేరళ కంటే ముందే ఫుకెట్ ఉన్న అండమాన్ సముద్రానికి వచ్చేసి ఉంటుంది కదా. మీరు ఇక్కడ జూన్‌లో దేనికోసం ఆకాశం చూస్తారో అదే అక్కడ మిమ్మల్ని దిగనివ్వలేదన్నమాట. ఆ నెలల్లో ఫుకెట్ తప్పిపోవడం మాకు కొత్త కాదు. మాకు తెలిసింది టూర్లు అమ్మేవాళ్లకు తెలియదంటే నేను నమ్మను. మే ఆఖరున ఫుకెట్ అమ్మేటప్పుడు "దిగకపోవచ్చు" అని ఒక్క మాట చెప్పాలి. చెబితే మీరు కొనరు, అందుకే చెప్పరు.

మీ బిల్లు మళ్లీ ఒకసారి చూడండి. దిగని రేవుకు కట్టిన పోర్టు ఛార్జీలు మామూలుగా ఓడ వాళ్లు వెనక్కి వేస్తారు. చిన్న మొత్తమే, గుర్తుపట్టకుండా ఎక్కడో మైనస్ గుర్తుతో ఉంటుంది.

టిప్పుల గురించి చెప్పాలంటే నా మనసు వేరే మాట అంటుంది. ఆ డబ్బులోంచే మాకు, వంటవాళ్లకు, వడ్డించేవాళ్లకు వచ్చేది. ఓడ కంపెనీ దాన్ని దాచిపెట్టి వసూలు చేయలేదు, బుకింగ్ కాగితాల్లో రాస్తుంది. "అన్నీ కలిపి" అని రాసింది మీ ట్రావెల్స్ వాళ్లు. కాబట్టి అది వాళ్ల దగ్గర అడగండి, ఓడ దగ్గర కాదు.

అక్కయ్యకు కడుపులో తిప్పిందన్నారు. ఈసారి ఎప్పుడైనా పోతే ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో గది అడగండి. ముందు చివర, పై అంతస్తుల్లో ఊపు ఎక్కువ.

సి.క్యాంప్ టీచరమ్మ (కర్నూలు):

నేను లాయర్ని కాదు. మా నాన్నగారి తీర్థయాత్ర టూరు విషయంలో జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా పోయినదాన్ని కాబట్టి చెబుతున్నా. కడప తమ్ముడు విడగొట్టి చెప్పింది బాగుంది, మీ ఫిర్యాదు కూడా అట్లాగే విడగొట్టి రాయండి. ఫుకెట్ కోసం పోట్లాడితే మిగతావన్నీ దాని కింద కొట్టుకుపోతాయి. ట్రావెల్స్ ఆయన ప్రతిదానికీ సముద్రం పేరెత్తడం అందుకే.

మీ చేతిలో గట్టివి మూడున్నాయి. కిటికీ ఫొటోతో వచ్చిన కాగితానికి, ఓచర్‌కు ఉన్న తేడా. నగర దర్శనం ఉందని చెప్పి మనిషిని పెట్టకపోవడం. "అన్నీ కలిపి" అని రాసి టిప్పులు మీ మీద వేయడం. వాట్సాప్ సందేశాలు, డబ్బు పంపిన రసీదులు, ఓచర్, ఓడ బిల్లు భద్రంగా పెట్టుకోండి. ఫోన్ మార్చేటప్పుడు ఆ చాట్ పోగొట్టుకోకండి. మాకు జరిగింది అదే, మా తమ్ముడు ఫోన్ రీసెట్ చేశాడు, సగం బలం అక్కడే పోయింది.

ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, స్పీడ్ పోస్టులో. లాయరే రాయాలని లేదు. కమిషన్‌లో కూడా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. నోటీసుకు జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు. కొన్ని వ్యవహారాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే జిల్లా కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే వేయవచ్చు, కాగితాల్లో ఎక్కడో "బెంగళూరు కోర్టుల పరిధి" అని ఉంటే దాన్ని చూసి వెనక్కి తగ్గకండి. సంగతి జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మీరు కట్టింది ఐదు లక్షలు దాటి పది లక్షల లోపు కాబట్టి ఫీజు 200 రూపాయలు, అంతే. ఇంట్లో కూర్చుని ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా వేయవచ్చు. ఆలస్యం మాత్రం అవుతుంది, దానికి సిద్ధపడండి. వాయిదా ఉందని పోతే ఆ రోజు బెంచి కూర్చోకపోవడం మాకు మామూలైపోయింది.

ఎంత అడగాలంటే, కిటికీ గదికి, లోపలి గదికి ఆ తేదీల్లో ఉన్న ధరల తేడా పట్టుకోండి. టిప్పులు బిల్లు ప్రకారం. మానసిక వేదనకు పది లక్షలు అని రాయకండి, మీ మీదే నమ్మకం పోతుంది.

ఆ 30 వేలు ట్రావెల్స్ వాళ్లు తిన్నది కాదు. టీసీఎస్ అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను. మీరు పోయిన 2025 నాటి లెక్క ప్రకారం, విదేశీ టూరు ప్యాకేజీ అమ్మితే వాళ్లు మీ దగ్గర 5 శాతం వసూలు చేసి మీ పాన్ మీద ఇన్‌కం ట్యాక్స్ వాళ్లకు కట్టాలి. మీ ఫారం 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద జమైన పన్నుల పట్టికలో కనిపిస్తుంది. రిటర్న్ వేసేటప్పుడు మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. కనిపించకపోతే మాత్రం వాళ్లు కట్టలేదనో, పాన్ తప్పు వేశారనో అర్థం. అప్పుడు వెంటనే అడగండి.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

టీచరమ్మ చెప్పింది కాదనను. ఫొటో ఒకటి, గది ఒకటి అయితే అది వేరే కత. నేను ఫుకెట్ గురించే పెట్టుకుని మాట్లాడా.

పాతూరు విత్తనాలంగడి (అనంతపురం):

అందరికీ ధన్యవాదాలు. కడప తమ్ముడు చెప్పినట్టే బిల్లులో మైనస్‌తో ఒక లైను ఉంది. డిస్కౌంటు అనుకుని చూసీ చూడనట్టు వదిలేశాం. ఫుకెట్ మాట ఇంతటితో వదిలేస్తున్నా. మే 24 తేదీ నాకు నోటికి వచ్చు. ఆ రోజు ఫోన్లోనే రైతులకు చెబుతున్నా, ఈసారి ముందే వచ్చింది, విత్తనం తీసిపెట్టమంటారా అని. ఆ గాలి ఫుకెట్ మీదుగా కూడా పోతుందని ఎవరు చెబుతారు!

టిప్పుల మాట మా అమ్మకు చెప్పాను, ఆ డబ్బు గది అబ్బాయికి పోతుందంట అని. "పోనీ, వాడికే కదా" అంది. అమ్మ వదిలేసినా నేను వదలను, కాకపోతే ట్రావెల్స్ వాళ్ల దగ్గరే అడుగుతా. 26ఏఎస్ మా ఆడిటర్‌ను చూడమన్నా. ఇంకా ఎక్కలేదంట, మూడు నెలలకొకసారి లెక్క పంపుతారు కాబట్టి కొన్నాళ్లు ఆగమన్నాడు.

గదుల ధరల తేడా మా అమ్మాయి వెతికింది. అదే నెల, అదే దారి, రెండు గదులకూ కలిపి 40 వేల దగ్గర వస్తోంది. నోటీసు తెలుగులోనే రాశాను, మూడు అంశాలే పెట్టాను, 15 రోజులు గడువిచ్చాను. సముద్రం అన్న మాట ఎక్కడా రాయలేదు, మళ్లీ ఆయన దాన్ని పట్టుకుంటాడని. నిన్న స్పీడ్ పోస్టులో వేశాను. పొద్దున ఆయనే ఫోన్ చేశాడు, "నోటీసులెందుకన్నా మన మధ్యలో, ఒకసారి ఆఫీసుకు రండి" అని. నోటీసు ఇంకా చేరనే లేదు. పోస్టాఫీసులో ఎవరో చెప్పి ఉంటారు, మా ఊరు అంతే.

ధర్మవరం చీరలు:

అన్నా, మేం డిసెంబర్‌లో ఇదే దారిలో పోదామనుకుంటున్నాం. అడ్వాన్సు కట్టాలంటున్నారు. ఫుకెట్ మాకూ తప్పిపోతుందా?

ఒంటిమిట్ట అబ్బాయి (కడప):

డిసెంబర్‌లో గాలి అటువైపు నుంచి ఉండదు, ఆ తీరం చాలావరకు ప్రశాంతంగా ఉంటుంది. దిగే అవకాశం బాగా ఎక్కువ. అయినా దిగేది చిన్న పడవల్లోనే, పెద్దవాళ్లుంటే ఆలోచించుకోండి. ఓడ ఎక్కగానే ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. ఓడలో ఉండే మొబైల్ సిగ్నల్‌కు ఫోన్ దానంతట అదే తగులుకుంటే ఆ బిల్లు వేరే వస్తుంది.

పాతూరు విత్తనాలంగడి (అనంతపురం):

అడ్వాన్సు కట్టే ముందు ఓచర్ ఎట్లుంటుందో నమూనా అడగండి. గది రకం, టిప్పులు ఎవరు కట్టాలి, ఊర్లలో బండి ఉంటుందా లేదా, ఈ మూడూ వాళ్ల చేత వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్లో చెబుతామంటే వద్దనండి. నేను రేపు ఆఫీసుకు పోతున్నా, మా అమ్మాయిని కూడా తీసుకుని పోతా. ఏం తేలిందో వచ్చి రాస్తా.